ముప్ఫై ఆరు మాటల ఉత్తరం

పోయిన దసరా సెలవులకు మా అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికి వచ్చింది. వస్తూనే సంచీ ఒక మూల పడేసి కంప్యూటరు ముందు కూర్చుంది. "కాళ్ళయినా కడుక్కోకుండా ఏమిటమ్మా ఆ తొందర?" అని మా ఆవిడ కేకలేస్తే, "కాలేజీలో పోటీ అమ్మా, రేపు రాత్రిలోగా పంపాలి" అంది.

ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న పిల్ల. ఆ చదువులో పోటీ అంటే మనకు అర్థమయ్యేది కాదులే అనుకుంటూనే కాఫీ గ్లాసుతో పక్కన చేరాను. అది చెప్పింది వింటే చాలా సులువుగా కనిపించింది. ఒక వ్యాసం ఇస్తారు. అందులో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చిన పది మాటలను వరసగా చూపించాలి. అంతవరకు చాలామంది చేయగలరు. గెలుపు మాత్రం అందులో లేదు. ఎవరి ప్రోగ్రాములో అక్షరాలు తక్కువ ఉంటే వాళ్ళదే గెలుపు. గోల్ఫ్ ఆటలో తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేసినవాడు గెలుస్తాడు కదా, ఆ పోలికతో ఇటువంటి పోటీలకు 'కోడ్ గోల్ఫ్' అని పేరు పెట్టుకున్నారట.

నేను కామర్స్ చదివి, 1992లో బ్యాంకులో చేరినవాణ్ణి. అక్షరాలు తగ్గించుకుంటే ఏం మిగులుతుందో నాకు బోధపడలేదు. కాని లెక్కపెట్టడం అన్నమాట వింటే మాత్రం బ్యాంకు ఉద్యోగి చెవులు నిక్కబొడుచుకుంటాయి. అలా మొదలయిన కబుర్లు ఆ రాత్రి మా అమ్మ రాసిన పాత ఉత్తరం దగ్గరికి వెళ్ళి ఆగాయి. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

పేజీల వ్యాసానికి ఆరు మెట్ల జవాబు

ఈ మాటల లెక్క కంప్యూటరువాళ్ళకు కొత్తది కాదు. దీని వెనుక ఒక పేరున్న కథ ఉంది. అది అమెరికాలో జరిగింది.

కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘం ఒకటి అక్కడ నడిపే మాసపత్రికలో జాన్ బెంట్లీ అనే ఆయన 'ప్రోగ్రామింగ్ పెరల్స్' అనే శీర్షిక రాసేవారు. పెరల్స్ అంటే ముత్యాలు. 1986లో ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ నూత్‌ను ఒక ప్రోగ్రాము రాసి ఇమ్మని కోరారు. నూత్ అంటే ఆ రంగంలో భీష్మాచార్యుడివంటి వారు. 1974లోనే ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మనుషులు వ్యాసం చదివినట్టు చదువుకోగలిగేలా ప్రోగ్రాములు రాయాలన్నది ఆయన పట్టుదల. ఆ పద్ధతి చూపించడానికే బెంట్లీ ఒక చిన్న సమస్య ఇచ్చారు. ఒక పుస్తకం పాఠమూ, ఒక అంకె ఇస్తాం. ఆ పుస్తకంలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చిన అన్ని మాటలను, వాటి లెక్కతో సహా, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా అచ్చు వేయాలి. మా అమ్మాయి పోటీలో ఇచ్చిన లెక్క సరిగ్గా ఇదే.

నూత్ రాసిన జవాబు పత్రికలో పేజీల తరబడి సాగింది. ప్రతి అడుగూ ఎందుకు వేశారో వివరించుకుంటూ, వచ్చిన మాటను క్షణంలో వెతికి పట్టుకునే అమరికను కూడా స్వయంగా తయారుచేసి, ఆయన దాన్ని తీర్చిదిద్దారు. దానిమీద సమీక్ష రాయమని బెల్ లేబరేటరీస్‌లోని డగ్లస్ మెక్ఇల్‌రాయ్‌ను అడిగారు. మెక్ఇల్‌రాయ్ ఆ పనితనాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, రష్యా చక్రవర్తుల కోసం నగల పనివాళ్ళు చేసిన బంగారు గుడ్డుతో పోల్చారు. చూడడానికి అద్భుతమే, కాని రోజువారీ పనికి అంత అవసరమా అని భావం. ఆ తరువాత ఆరే మెట్లలో తన జవాబు రాసి చూపించారు.

ఆ ఆరు మెట్లూ మామూలు మాటల్లో ఇవి. ఒకటి, అక్షరం కానిదల్లా తీసేసి అక్కడ కొత్త గీత మొదలుపెట్టు. దాంతో ఒక్కో గీతమీద ఒక్కో మాట మిగులుతుంది. రెండు, ఇంగ్లీషు పెద్ద అక్షరాలను చిన్న అక్షరాలు చేయి. మూడు, మాటలను అకారాది క్రమంలో పేర్చు. నాలుగు, పక్కపక్కన పడ్డ ఒకేరకం మాటలను ఒక కట్ట కట్టి, కట్టలో ఎన్ని ఉన్నాయో పైన రాయి. ఐదు, ఆ కట్టలను అంకెను బట్టి పెద్దది ముందు వచ్చేటట్టు పేర్చు. ఆరు, అడిగినన్ని చూపించి ఆపు.

ఇది వినగానే నేను నవ్వాను. "ఇది మేం చేసిన పనేనమ్మా" అన్నాను.

వోచర్లు, లెడ్జర్లు

1993లో నేను షోలాపూర్‌లో పనిచేస్తున్నప్పుడు మా బ్రాంచిలో కంప్యూటరు లేదు. సాయంత్రం కౌంటర్లు మూసిన తరువాత ఆ రోజు వోచర్లన్నీ బల్లమీద కుప్ప పోసేవాళ్ళం. సేవింగ్సువి ఒక పక్క, కరెంటు ఖాతాలవి ఒక పక్క, అప్పులవి ఒక పక్క వేరుచేసేవాళ్ళం. ఒక్కో కట్టనూ మళ్ళీ ఖాతా నంబరు ప్రకారం పేర్చి, కూడి, పైన మొత్తం రాసేవాళ్ళం. పేర్చడం, కట్ట కట్టడం, లెక్క వేయడం. మెక్ఇల్‌రాయ్ మెట్లు అవే కదా!

మరి నూత్‌గారి పద్ధతి ఏమిటి? అది లెడ్జరు పద్ధతి. మాట రాగానే దాని పేరుమీద ఖాతా ఉందా అని చూడాలి. ఉంటే ఒకటి జమ వేయాలి. లేకపోతే కొత్త ఖాతా తెరవాలి. ఆ ఖాతా ఏ పేజీలో ఉందో తడుముకోకుండా దొరికేటట్టు సూచిక ఉండాలి. కామర్స్ మొదటి ఏడులో మాకు నేర్పిన చిట్టా, ఆవర్జాల తేడాయే ఇది. రెండు దారులూ ఒకే మొత్తానికి చేరతాయి. చేరకపోతే అయిదు పైసల తేడా కోసం రాత్రి తొమ్మిదింటిదాకా బల్ల దగ్గరే కూర్చోవాలి. ఆ కష్టం పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఒక్క సంగతి న్యాయంగా చెప్పుకోవాలి. ఆరు మెట్ల జవాబు ఆరు మెట్లలో ఎలా ఇమిడింది? పేర్చే పనిముట్టు, కట్ట కట్టే పనిముట్టు, అక్షరం మార్చే పనిముట్టు అప్పటికే యూనిక్స్ అనే వ్యవస్థలో తయారుగా ఉన్నాయి. ఒకదానిలోంచి వచ్చినదాన్ని మరొకదానిలోకి పంపే గొట్టంలాంటి ఏర్పాటు ఉంది. ఆ ఆలోచన మెక్ఇల్‌రాయ్‌దే. తోటకు నీళ్ళు పట్టే గొట్టాల్లాగ ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించే వీలుండాలని ఆయన 1964లోనే రాసిపెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో అమర్చారు. వాటి వెనుక ఎంతోమంది ఏళ్ళ తరబడి రాసిన పొడుగాటి ప్రోగ్రాములు దాగి ఉన్నాయి. వంటింట్లో రుబ్బిన పిండి తయారుగా ఉంటే దోసె రెండు నిమిషాల్లో అవుతుంది. పప్పు నానబెట్టినవారిని మరిచిపోకూడదు.

పొట్టిగా చెప్పడం మనకూ కొత్త కాదు. పాణిని తన వ్యాకరణాన్ని సుమారు 4,000 సూత్రాల్లో ఇమిడ్చాడు. ఎలాగ? ముందే కొన్ని ఒప్పందాలు చేసుకున్నాడు. అక్షరాలను 14 చిన్న సూత్రాల్లో వరసగా పేర్చి, వరస మొదటి అక్షరానికి చివరి గుర్తును కలిపి ఒక పేరు పెట్టాడు. 'అ' నుంచి 'చ్' గుర్తు వరకు 'అచ్'. 'హ' నుంచి 'ల్' గుర్తు వరకు 'హల్'. మనం చిన్నప్పుడు బడిలో బల్ల గుద్దుతూ వల్లించిన అచ్చులు, హల్లులు అవే. కంప్యూటరు ప్రోగ్రాములో 'ఎ నుంచి జెడ్ వరకు' అని రాస్తే అది కూడా అటువంటి ఒప్పందమే. పొడుగు మాటను ఆ ఒప్పందమే పొట్టి చేస్తుంది. కాబట్టి పొట్టి ప్రోగ్రాము చూసినప్పుడు, అందులో ఏ ఒప్పందం దాగి ఉందో అడగాలి. ఈ సంగతి ఆ రాత్రే మాకు తెలిసివచ్చింది.

అమ్మ కార్డు

"ఇంగ్లీషు వ్యాసం కాదు, తెలుగు ఏదైనా ఇచ్చి చూడు" అన్నాను పందెం వేసినట్టు. తెలుగు పాఠం కోసం దూరం వెళ్ళలేదు. బీరువాలో మా అమ్మ ఉత్తరాల కట్ట ఉంది. మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా ఇంట్లో, వీధిలో తెలుగు మాట్లాడే వాడ మాది. నేను షోలాపూర్‌లో ఉన్న రోజుల్లో అమ్మ నెలకు రెండు కార్డులు రాసేది. మా నాన్నకు అప్పటికే చూపు మందగించింది. నా ఉత్తరాలు ఆయనకు అమ్మే చదివి వినిపించేది.

మా అమ్మాయి పుట్టింది, పెరిగింది బెంగుళూరులో. బడిలో కన్నడం చదివింది. తెలుగు మాట్లాడుతుంది. రెండు లిపులూ దగ్గరివే గనుక అచ్చు తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. కాని అమ్మ చేతిరాత దానికి కొరుకుడు పడలేదు. కార్డులో చోటు చాలక అమ్మ అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. నేను చదువుతూ ఉంటే అది టైపు చేసింది. 1993 దసరాకు ముందు వచ్చిన కార్డు అది. తేదీ, చిరునామా వదిలేస్తే అందులో ఉన్నది ఇంతే:

నాయనా, నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమం అని తలుస్తాను. నాన్నకి దగ్గు తగ్గింది. నాన్న నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. వేళకి తిను. పండక్కి వస్తావా అని నాన్నే అడిగారు. పండగ ముందు ఉత్తరం రాయి. నాన్నతో చెప్తాను. వేళకి తిను, నాయనా.

ముప్ఫై ఆరు మాటలు. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇప్పుడు కంప్యూటరు లెక్క చూద్దామని మా అమ్మాయి మెక్ఇల్‌రాయ్ ఆరు మెట్లకూ ఆ కార్డును ఇచ్చింది. రెప్ప వేసే లోపల జవాబు వచ్చింది. తెరమీద '1' అనే అంకె ఉంది. దాని పక్కన ఏ మాటా లేదు. ఖాళీ.

"చెడిపోయిందా?" అన్నాను.

"చెడిపోలేదు నాన్నా. మనం చెప్పినట్టే చేసింది" అంది అది, కాస్త సిగ్గుపడుతూ.

జరిగింది ఇది. మొదటి మెట్టులో 'అక్షరం కానిదల్లా తీసేయి' అన్నాం. అక్షరమంటే ఏమిటి? ఇంగ్లీషు ఎ నుంచి జెడ్ వరకు. ఆ ఒప్పందం ప్రకారం అమ్మ కార్డులో ఒక్క అక్షరం కూడా లేదు. కామా ఎంతో, చుక్క ఎంతో, అమ్మ రాసిన 'నాయనా' కూడా అంతే. అన్నిటినీ కలిపి ఒక్క ఖాళీ గీత చేసింది. తరువాతి మెట్లన్నీ శ్రద్ధగా పనిచేసి, 'ఖాళీ గీత ఒకటి' అని లెక్క తేల్చాయి. తప్పు కూడిక కాదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, లెక్క సరిపోయింది, వోచర్లే చెత్తబుట్టలోకి వెళ్ళాయి. అటువంటి తప్పే ప్రమాదం. ఎక్కడా తేడా కనిపించదు.

ఇందులో మెక్ఇల్‌రాయ్‌ని నిందించడానికి లేదు. ఆయన ముందున్నది ఇంగ్లీషు పాఠం. మన అక్షరాలకు చోటిచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది 1991లో. అసలు ఇంగ్లీషులో కూడా ఆ ఒప్పందం పూర్తిగా నిలవదు. 'డోంట్' అన్న మాట మధ్యలో ఉన్న పైకామా దగ్గర అది రెండు ముక్కలవుతుంది.

నాన్న మూడు ముక్కలయ్యాడు

మా అమ్మాయి ఊరుకోలేదు. పైథాన్ అనే మరో భాషలో దాని స్నేహితురాలు రాసిన ప్రోగ్రాము ఉంది. అందులో 'మాట' అనడానికి ప్రపంచ భాషలన్నిటికీ పనికివచ్చే గుర్తు ఒకటి వాడారట. దానికి కార్డు ఇచ్చింది. ఈసారి ఖాళీ రాలేదు. పట్టికలో మొదటి స్థానం 'న' అనే ఒంటి అక్షరానికి వచ్చింది!

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనకు 'నా' ఒక అక్షరం. కంప్యూటరు లోపల అది 'న', దీర్ఘం అని రెండు. ఒత్తు వేయాలంటే మధ్యలో పొల్లు మరొకటి. పైథాన్‌లో ఆ గుర్తు 'న'ను అక్షరంగా ఒప్పుకుంటుంది, గుడినీ దీర్ఘాన్నీ పొల్లునూ ఒప్పుకోదు. వాటి దగ్గరల్లా మాటను కోసేస్తుంది. 'ఉత్తరం' అన్నది 'ఉత', 'తర' అని రెండు ముక్కలయింది. 'తిను' అన్నది 'త', 'న' అయింది. 'నాన్న' మూడు న-లుగా విడిపోయాడు. ప్రపంచ భాషలన్నిటికీ పనికివస్తుందన్న ఒప్పందం తలకట్టు దాటి ముందుకు రాలేకపోయింది.

చివరికి అదే మార్గం కనిపెట్టింది. 'ఏది అక్షరమో చెప్పడం మానేసి, ఏది మాటల మధ్య గోడో చెబుతాను' అంది. ఖాళీ, కామా, చుక్క, ప్రశ్న గుర్తు. వీటి దగ్గర మాత్రమే విడదీయి, మిగతాది ముట్టుకోకు. మొదటి మెట్టు అలా మార్చింది. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు గనుక రెండో మెట్టు అక్కరలేదని కొట్టేసింది. ఆరు మెట్లు అయిదయ్యాయి. అంటే తెలుగు ప్రోగ్రాము ఇంగ్లీషు దానికంటె పొట్టి! దాని మొహం వెలిగిపోయింది.

ఈసారి పట్టిక సరిగా వచ్చింది. 'ఉత్తరం' మూడుసార్లు. 'అని', 'క్షేమం', 'తిను', 'నాయనా', 'నీ', 'వేళకి' రెండేసిసార్లు. తక్కిన 21 మాటలు ఒక్కోసారి. అన్నీ కూడితే 36. నా వేలి లెక్కా, దాని లెక్కా కలిశాయి. బ్యాలెన్సు కుదిరింది.

కొద్ది మాటలు పదేపదే రావడం, ఎక్కువ మాటలు ఒక్కసారితో సరిపెట్టుకోవడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. జార్జ్ జిఫ్ అనే అమెరికా పండితుడు 1949లో అచ్చయిన తన పుస్తకంలో దాన్ని గురించి విపులంగా రాశాడు. "చూశావా, మీ అమ్మగారి కార్డులో కూడా ఆ నియమం కనిపిస్తోంది" అని మా అమ్మాయి సంబరపడింది.

నేను మాత్రం పట్టిక వంక అలాగే చూస్తున్నాను. ఏదో వోచరు తప్పిపోయినట్టు అనిపించింది.

తప్పిపోయిన వోచరు

"నాన్న ఏరమ్మా?" అన్నాను.

"ఉన్నారుగా. ఒకసారి" అంది.

పట్టిక కిందికి జరిపి చూశాం. 'నాన్న' ఒకటి. ఇంకొంచెం కిందికి వెళితే 'నాన్నకి' ఒకటి. 'నాన్నతో' ఒకటి. 'నాన్నే' ఒకటి. నాలుగు వేరు వేరు ఖాతాల్లో నాలుగు రూపాయలు పడి ఉన్నాయి. నలుగురూ ఒకే ఖాతాదారు. ఒక్కచోట వేస్తే నాలుగు. ఆ కార్డులో అన్నిటికంటె ఎక్కువసార్లు వచ్చిన మాట 'ఉత్తరం' కాదు, 'నాన్న'. 'పండగ', 'పండక్కి' కూడా అంతే. ఒకటే మాట రెండు ఖాతాల్లో ఉంది.

తెలుగు స్వభావమే అది. ఇంగ్లీషులో మాటకు ముందు విడిగా నిలబడే చిన్న మాటలు మనకు మాట చివర అతుక్కుంటాయి. 'కి', 'తో', 'లో' అన్నీ వెనక చేరతాయి. చేరేటప్పుడు మాట రూపం కూడా మారుతుంది. 'పండగ'కు 'కి' చేరితే 'పండక్కి' అవుతుంది. చివరి అక్షరం కోసేస్తే మాట దొరుకుతుందనుకోవడానికి వీల్లేదు. కోయడం మొదలుపెడితే 'వేళకి'లో 'కి' సరిగ్గానే ఊడుతుంది, 'ఉలికి' అన్నమాటలో 'కి' ఊడితే మాటే పోతుంది. ఈ అతుకుల సంగతే మద్రాసులో పంతులుగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి పరిచ్ఛేదం అని పేరు పెట్టి రాశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భాషా శాస్త్రజ్ఞులు తెలుగు మాటను విడదీసి మూలరూపం చెప్పే ప్రోగ్రాములు తయారుచేశారు. అవి ఆరు మెట్లలో ఇమిడేవి కావు. వాటికి నిఘంటువు కావాలి, వ్యాకరణం కావాలి, అన్నిటికంటె ముందు తెలుగు తెలిసినవాళ్ళు కావాలి.

మాట అంటే ఏమిటో నిర్ణయించేది యంత్రం కాదు. మొదటి మెట్టు రాసే మనిషి. అక్కడ తెలుగు తెలిసిన మనిషి లేకపోతే మొదట మన మాటలు ఖాళీ గీత అవుతాయి. కాస్త మెరుగయితే ముక్కలవుతాయి. ఇంకాస్త మెరుగయితే నాలుగు ఖాతాల్లో చెదిరిపోతాయి. లెక్క మాత్రం ప్రతిసారీ సరిపోతుంది.

నా విషయం కూడా ఒకటి చెప్పాలి. ఆ దసరాకు నేను వెళ్ళలేదు. సెప్టెంబరు అర్ధ సంవత్సరం లెక్కలు తేలలేదని సెలవు అడగలేదు. సంక్రాంతికి వస్తానని రాశాను. ఆ తరువాతి ఎండాకాలంలో నాన్న పోయారు. ఈ కార్డు ఎన్నో సార్లు తీసి చదువుకున్నాను. చదివినప్పుడల్లా 'వేళకి తిను' దగ్గరే నా కళ్ళు ఆగేవి. ఇది అమ్మ బెంగ అనుకునేవాణ్ణి. నాలుగు వాక్యాల్లో నాలుగుసార్లు నాన్న వచ్చారని, ఆ కార్డు రాయించింది ఆయనేనని, ఇన్నేళ్ళ తరువాత, ఆయనను చూడనైనా చూడని మనవరాలు లెక్కపెట్టి చూపించేదాకా నాకు తట్టలేదు.

మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "కట్టలో ఇంకా ఎన్ని ఉన్నాయి నాన్నా?" అంది.

మీ ఇంటి కట్ట

పోటీ సంగతి అడుగుతారేమో. అది ఇంగ్లీషు వ్యాసానికి ప్రోగ్రాము పంపింది. గెలవలేదు. ఇంకా పొట్టిగా రాసినవాళ్ళు ఉన్నారట. కాని ఆ సెలవుల్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను చదవడం, అది టైపు చేయడం సాగింది. నాలుగో కార్డుకల్లా అమ్మ 'క్ష' ఎలా రాస్తుందో పట్టేసింది. ఏడో కార్డు తానే చదివింది, నేను తప్పులు దిద్దాను. 'నాన్నకి, నాన్నతో, నాన్నే' అన్నిటినీ ఒక ఖాతాలో వేయడానికి ఒక చిన్న జాబితా రాసుకుంది. ఆ జాబితా పెంచాలంటే తెలుగు విభక్తులు తెలియాలి. అందుకని నన్ను అడిగింది. నాకూ సగమే గుర్తున్నాయి. మా ఆవిడ డు, ము, వు, లు దగ్గర మొదలుపెట్టి గడగడా ఒప్పజెప్పింది!

బయటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ మన ఇళ్ళల్లో ఇటువంటి కట్టలు ఎన్నో ఉండి ఉంటాయి. షోలాపూర్ పద్మశాలీల ఇళ్ళల్లో, హోసూరు పల్లెల్లో, యానాం వీధుల్లో, మా బరంపురంలో పెద్దవాళ్ళు రాసిన ఉత్తరాలు, పద్దుల పుస్తకాలు, పెళ్ళి సామాన్ల జాబితాలు. వాటిలో ఉన్న తెలుగు పత్రికల్లో వచ్చే తెలుగు కాదు. మన మన ఊళ్ళ మరాఠీ, తమిళం, కన్నడం, ఒడియా వాసన తగిలిన ఇంటి తెలుగు. ఇప్పటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు మనుషులు మాట్లాడే మాటే రాతలో ఉండాలని పోరాడారు. సవరల దగ్గర కూర్చుని, వాళ్ళ నోటి మాటలను చెవితో విని పట్టుకుని రాసి నిఘంటువు చేశారు. ఎవరి మాట లెక్కలోకి రావాలన్నది ఆయనకు తెలుసు. మన ఇంటి మాటలు లెక్కలోకి రావాలంటే ముందు ఎవరో ఒకరు వాటిని చదివి, టైపు చేయాలి. మన పిల్లలకు ప్రోగ్రాములు వచ్చు, చేతిరాత చదవడం రాదు. మనకు చేతిరాత వచ్చు, ప్రోగ్రాములు రావు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోక తప్పదు.

చేయదలచినవారికి మా అనుభవం నుంచి నాలుగు మాటలు. ఒకటి, ఉత్తరంలో ఎలా ఉందో అలాగే టైపు చేయించండి. 'చెప్తాను' అని ఉంటే 'చెబుతాను' అని దిద్దకండి. రెండు, 'రెండుసార్లు' కలిపి రాయాలా, విడదీసి రాయాలా అన్నది ముందే నిర్ణయించుకుని అదే పాటించండి. మూడు, చిన్న ఉత్తరం ఒకటి తీసుకుని ముందు వేలితో లెక్కపెట్టండి. కంప్యూటరు లెక్క దానితో కలిసిన తరువాతే పెద్ద కట్టకు వెళ్ళండి. నాలుగు, పట్టికలో పైన ఉన్న మాటలు చూసి ఆగిపోకండి. కిందున్న 'ఒక్కోసారి' మాటలన్నీ చదవండి. అసలైన మనుషులు అక్కడ చెదిరిపోయి ఉండవచ్చు.

కంప్యూటరు లేకపోతే కూడా ఫరవాలేదు. కాగితం చీటీలు చాలు. ఒక్కో మాట ఒక్కో చీటీమీద రాసి, పేర్చి, కట్టలు కట్టండి. మేము బ్యాంకులో చాలా ఏళ్ళు అలాగే చేశాం. పండక్కి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒక్క కార్డుతో మొదలుపెట్టి చూడండి.